మామ అంగట్లో రాక్షసుడు: 22 నిమిషాల సినిమా తీసిన నా అనుభవం

రాక్షసుడి కోసం మేం మొదట పక్కన పెట్టిన డబ్బు 3,500 రూపాయలు. అందులో 1,900 సోఫా స్పాంజికి, 600 పంక్చర్లకు వాడే సొల్యూషన్‌కి పోయింది. మిగిలింది నల్ల పెయింటుకీ, దాన్ని పూసిన వాళ్ల బిర్యానీకీ సరిపోయింది. పదిహేను రోజులు మా మేడమీద కూర్చుని కోశాం, అంటించాం, ఎండబెట్టాం. చివరికి తయారైంది రాక్షసుడు కాదు, పెళ్లి మండపం గేటు దగ్గర చేతులూపుతూ నిలబడే ఎలుగుబంటి. మా వీధి పిల్లలు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు. ఒక చిన్నది దాని పొట్టమీద తల పెట్టుకుని నిద్రపోయింది కూడా.

నేను తీయాలనుకున్నది హారర్ సినిమా.

కథ చిన్నదే. తిరుపతిలో ఆగని వాన. ఒక వీధి చివర కిరాణా అంగడి. సరుకుల కోసం వచ్చినవాళ్లు, వానకు పక్కన నిలబడినవాళ్లు కలిసి ఏడుగురు లోపల చిక్కుకుంటారు. కొండమీంచి దిగే నీళ్లతో పాటు ఇంకేవో దిగాయి. షట్టర్ దించుకుని కూర్చున్నారు. బయట ఎవరో షట్టర్ కొడతారు. కొట్టింది మనిషా, అవా? తీయాలా, వద్దా? అంతే.

ఇది నేను ఊహించి రాసింది కాదు. 2021 నవంబరు 18న తిరుపతిలో ఉన్నవాళ్లెవరికీ ఆ వాన గురించి చెప్పక్కర్లేదు. కపిలతీర్థం జలపాతం ఆ రోజు జలపాతంలా లేదు, కొండ పగిలి నీళ్లు కక్కుతున్నట్టుంది. ఘాట్ రోడ్లు మూసేశారు. ఊళ్లో పల్లపు వీధులన్నీ కాలవలైపోయాయి. ఆ తర్వాత రెండు మూడు రోజులకు రాయలచెరువు కట్ట తెగుతుందని కింది పల్లెలు ఖాళీ చేయించారు. ఆ సాయంత్రం నేను కొవ్వొత్తులకని మామ అంగడికి వెళ్లాను. మామ అంటే మేనమామ కాదు, వీధి మొత్తానికీ మామే. ఆయన భార్య అందరికీ అత్త. నేను వెళ్లేటప్పటికి నీళ్లు పాదాల మీద ఉన్నాయి, అరగంటలో మోకాళ్లకొచ్చాయి. కరెంటు పోయింది. మామ షట్టర్ దించి, కింద సందులో గోనెసంచులు కుక్కాడు. లోపల ఆరుగురం.

కాసేపటికి బయటి నుంచి ఎవరో షట్టర్ కొట్టారు. మేం వెంటనే తీయలేదు. తీసేటప్పటికి అక్కడ ఎవరూ లేరు.

మర్నాడు మామా నేనూ వీధి వీధంతా అడిగి వచ్చాం. ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరు కొట్టారో తెలియలేదు. తర్వాత ఆ మాట మేమిద్దరం మళ్లీ ఎత్తలేదు. నేను మాత్రం కొన్ని నెలల తర్వాత దానికి కోరలు పెట్టి స్క్రిప్టు రాశాను.

కెమెరా మా స్నేహితుడిది. వాడు పెళ్లిళ్లు, సీమంతాలు తీస్తాడు. ముహూర్తాల సీజన్లో వాడు దొరకడు కాబట్టి మా సినిమా షెడ్యూలు పంచాంగం చూసి వేసుకున్నాం. ఇది హాస్యానికి అంటున్నది కాదు. 2022 జూన్‌లో ముహూర్తాలు లేని రాత్రులు వెతికి తొమ్మిది పట్టుకున్నాం. అంగడి పదింటికి కట్టేస్తారు, తెల్లారి నాలుగున్నరకు పాల వ్యాన్ వస్తుంది. ఆ మధ్యలో ఎంత తీస్తే అంత.

ఎలుగుబంటి సంగతికి వస్తాను. దాన్ని ఏం చేయాలో తోచక తిరుగుతున్నప్పుడే గంగమ్మ జాతర వచ్చింది. మా వీధిలో ఆటో నడిపే అన్న ఒకాయన ఏటా మొక్కు ప్రకారం వేషం కడతాడు. మొదట బైరాగి వేషం, ఒళ్లంతా తెల్లగా నామం సుద్ద. తర్వాత బండ వేషం, ఒళ్లంతా కుంకుమ. ఆ తర్వాత తోటి వేషం, ఒళ్లంతా బొగ్గు. మా చిన్నప్పటి నుంచీ ఆయన్ని చూస్తున్నాం. ఆయన ఎవరో తెలుసు, ఆటో నంబరు తెలుసు, మాకు ఇవ్వాల్సిన చిల్లర ఎంతో కూడా తెలుసు. అయినా బొగ్గు పూసుకుని మలుపు తిరిగి వస్తే గుండె జారుతుంది. పక్కింటి పిల్లాడు ఏడుస్తూ వాళ్లమ్మ కొంగులోకి దూరాడు, ఆ పిల్లాడు రోజూ స్కూలుకు వెళ్లేది ఆయన ఆటోలోనే.

3,500 రూపాయలు తగలేసి మేం చేయలేనిది ఆయన పావుకిలో బొగ్గుపొడితో చేస్తున్నాడు. జాతర ముగిశాక ఆయన ఇంటికెళ్లి అడిగాను, మా సినిమాలో రాక్షసుడిగా చేస్తావా అన్నా అని. ఆయన ముఖం మారిపోయింది.

"అమ్మవారి వేషాన్ని దయ్యానికి వాడతావా? తప్పు కదబ్బా."

నేను క్షమించమని లేవబోయాను. ఆయనే కూర్చోబెట్టి కాఫీ తెప్పించి కథ అడిగాడు. మొత్తం విన్నాడు. విన్నాక ఆయన అన్న మాట మా స్క్రిప్టును సగం మార్చేసింది.

"పాలెగాడు మూడు దినాలు ఎందుకు దాక్కున్నాడో తెలుసా? అమ్మ ఏ రూపంలో వస్తుందో వాడికి తెలవదు. బైరాగి వస్తే బైరాగేనా, తోటి వస్తే తోటేనా అని వాడికి అనుమానం. నీ అంగట్లో ఉండేవాళ్ల భయం కూడా అదే కదా."

ఆడవాళ్లను చెరిచే పాలెగాడి కోసం గంగమ్మ వేషాలు మార్చుకుంటూ వెతకడం, చివరికి దొర వేషంలో వస్తే నిజంగా దొరే అనుకుని వాడు బయటికి రావడం, ఆమె తల నరకడం, తిరుపతిలో పుట్టినవాడికి ఉగ్గుపాలతో తెలిసే కథే. కానీ దాన్ని లోపల దాక్కున్నవాడి వైపు నుంచి నేనెప్పుడూ ఆలోచించలేదు. మా స్క్రిప్టులో అప్పటిదాకా రాక్షసులు ఏడు సీన్లలో కనిపించేవి, గోళ్లతో షట్టర్ చీల్చేవి, ఒకరిని కాలు పట్టి లాగేవి. అవన్నీ కొట్టేశాను. వీధిలో దూరంగా ఒక ఆకారం, మనిషే అన్నట్టు నడుస్తుంది. అది చాలు.

అన్న ఇంకో షరతు పెట్టాడు. బొగ్గు పూసుకోవచ్చు, వేపాకు మాత్రం కట్టకూడదు. వేపాకు కట్టితే అది వేషం, కట్టకపోతే ఒట్టి మసి. ఈ తేడా నాకు ఎవరూ చెప్పకుండా తట్టేది కాదు. తను మాత్రం చేయనన్నాడు, చేసేవాడికి నేర్పిస్తానన్నాడు. డిగ్రీ చదివే ఒక కబడ్డీ కుర్రాడు దొరికాడు, సన్నగా, పొడుగ్గా. మేడమీద వాడికి మూడు సాయంత్రాలు నడక నేర్పించాడు. వాడు మొదట సినిమాల్లో చూసినట్టు మెడ వంచి, చేతులు వేలాడేసి నడిచాడు. అన్న నవ్వి, "అట్ల కాదు. బాగా నడిచేవాడివే, మధ్యలో నడక మరిచిపోయినావు. గుర్తు చేసుకుంటా ఉండావు. అట్ల నడువు" అన్నాడు. ఆ కుర్రాడు నాలుగు అడుగులు మామూలుగా వేసి, ఐదో అడుగు దగ్గర ఆగి, కాలివైపు చూసుకున్నాడు. మా కెమెరావాడు "చాలప్పా, రాత్రి నిద్రపట్టదు" అన్నాడు.

బొగ్గుపొడిని కొబ్బరినూనెలో కలిపి పూశాం. పూయడానికి ఇరవై నిమిషాలు, కడగడానికి రెండు గంటలు. శెనగపిండి, సున్నిపిండి, చివరికి గిన్నెలు తోమే సబ్బు. మా ఇంట్లో మూడు తువ్వాళ్లు మసిగుడ్డలయ్యాయి, అమ్మ ఇప్పటికీ లెక్క అడుగుతుంది.

రెండో రాత్రే పెద్ద గండం. అర్ధరాత్రి దాటాక వీధి మలుపులో ఆ కుర్రాడిని నిలబెట్టి లైటు సరిచేస్తున్నాం. ఒంటిమీద నిక్కరు తప్ప ఏమీ లేదు, ఒళ్లంతా నూనె, మసి. అప్పటికి కొన్ని నెలల కిందటే తిరుపతిలో చెడ్డీ గ్యాంగు తిరుగుతోందని ఊరంతా హడలిపోయింది. నిక్కర్లేసుకుని ఒంటికి నూనె రాసుకుని వచ్చే దొంగలు. ఎదురు మేడలో ఎవరో కిటికీలోంచి చూసి 100కు కొట్టారు. పది నిమిషాల్లో పోలీసులొచ్చారు. కుర్రాడు భయపడి పరిగెత్తాడు, అంతకన్నా తెలివితక్కువ పని ఇంకోటి లేదు. కబడ్డీ ఆటగాడు కాబట్టి దొరకలేదు కూడా! నేను, కెమెరావాడు చేతులు కట్టుకుని అరగంట వివరించాం. చివరికి మామ లుంగీ మీద వచ్చి, "మా పిల్లకాయలే సార్, సినిమా పిచ్చి" అంటే వదిలారు. తప్పు మాదే. అంగడి లోపల తీసుకుంటే మా ఇష్టం, వీధి మాది కాదు కదా. మర్నాడు వెళ్లి ఏ రోజు, ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా తీస్తామో కాగితం మీద రాసిచ్చి వచ్చాం. ముందే చేయాల్సిన పని.

అంగడి లోపలి కష్టాలు వేరు. మొదటి రాత్రి తీసినదంతా కంప్యూటర్లో వేసి చూస్తే ట్యూబులైటు వెలుగు అలలు అలలుగా కొట్టుకుంటోంది. ఆ రాత్రి రెండో కెమెరాగా నా ఫోన్ వాడాం, అది సెకనుకు 30 ఫ్రేముల మీద ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్, దానికీ దీనికీ పొసగదు. 25 ఫ్రేములు, షట్టర్ స్పీడు యాభైలో ఒక వంతు పెట్టాక కుదుటపడింది. పెళ్లి వీడియోలు తీసేవాడికి ఇది తెలుసు, నేను తనను అడగలేదని వాడి ఫిర్యాదు. సరే.

ఫ్రిజ్ సంగతి ఇంకా ఘోరం. మాటలు రికార్డు చేసేటప్పుడు ఫ్రిజ్ గుర్రుమంటుంది, అందుకని ప్లగ్ తీసేవాళ్లం. నాలుగో రాత్రి మళ్లీ పెట్టడం మరిచిపోయాం. పొద్దున అత్త తలుపు తీస్తే పెరుగు ప్యాకెట్లు ఉబ్బి ఉన్నాయి, ఐస్‌క్రీములు నీళ్లయ్యాయి. 2,300 రూపాయలు కట్టాం. తర్వాత మా బైకు తాళాలు ఫ్రిజ్‌లో పెట్టడం అలవాటు చేసుకున్నాం, ఇంటికి పోవాలంటే ఫ్రిజ్ తెరవక తప్పదు. తెరిస్తే లోపల లైటు వెలగకపోతే గుర్తొస్తుంది.

రక్తం ఒక్క సీన్లోనే ఉంది, రేకు తగిలి ఒకరి చెయ్యి కోసుకుంటుంది. 1967లో అమెరికాలో పిట్స్‌బర్గ్ దగ్గర కొందరు చేతిలో ఉన్న కొద్ది డబ్బుతో ఇలాంటి సినిమానే తీసి, రక్తానికి చాక్లెట్ సిరప్ వాడారు. అది నలుపు తెలుపు కాబట్టి సరిపోయింది. మాది రంగుల్లో. చక్కెర పాకంలో మిఠాయి రంగు, కాస్త కాఫీ పొడి కలిపితే అచ్చు అదే రంగొచ్చింది. కిరాణా అంగట్లో నేలమీద చక్కెర పాకం ఒలకబోస్తే ఏమవుతుందో ఆలోచించలేదు. తెల్లారేసరికి చీమల జాతర. అత్త ఆ వారమంతా మాతో మాట్లాడలేదు.

వాన కోసం ట్యాంకరు తెప్పించాం. పైపుకు చిల్లులు పొడిచి మేడమీంచి కట్టాం. ఎంత నీళ్లు వదిలినా కెమెరాలో వాన కనిపించలేదు. లైటు ముందు నుంచి వేస్తే చినుకులు కనిపించవు, వెనక నుంచి వేయాలి. ఆ లైటు అటు మార్చేలోపు వీధిలో ట్యాంకరు వచ్చిందన్న వార్త పాకింది. రాత్రి పదకొండింటికి బిందెలు తీసుకుని పదిహేనుమంది ఆడవాళ్లు. ఎవరిని వద్దనగలం? సగం ట్యాంకరు బిందెల్లోకి పోయింది. మిగిలిన సగంతో తీసిన వానే సినిమాలో ఉంది. జాగ్రత్తగా చూస్తే ఒక షాట్లో వెనక ఒక పసుపు రంగు ప్లాస్టిక్ బిందె కనిపిస్తుంది.

ఇక అసలు సీను.

నటులెవరూ నటులు కారు. మామ మామగానే, అత్త అత్తగానే. కుట్టుమిషన్ అక్క, రిటైరైన గుమాస్తా తాత, బీఎడ్ చదివే అమ్మాయి, ఆమె తమ్ముడు, ఇంకొక ఆటో అన్న. తాతకు డైలాగులు నిలబడవు, కానీ కెమెరా ఉందన్న ధ్యాసే లేదు. అంగట్లో ఏం మిగిలిందో లెక్కరాయమంటే నిజంగానే కళ్లజోడు పెట్టుకుని బియ్యం మూటలు, కందిపప్పు, అగ్గిపెట్టెలు అన్నీ రాసుకుంటూ పోయాడు. అది అలాగే ఉంచాం.

షట్టర్ కొట్టే సీన్లో మామ చెప్పాల్సిన మాట ఇది: "ఆగండి. తీస్తే నీళ్లొస్తాయి, మూటలన్నీ తడుస్తాయి." రాక్షసుల భయం ఒకవైపు, సరుకు భయం ఇంకోవైపు. అంగడివాడు కాబట్టి ఆ మాట ఆయన నోట్లో బాగుంటుందని రాశాను. స్క్రిప్టు ముందే ఇచ్చాను, చదివాడనే అనుకున్నాను. సీను మొదలైంది. అత్త మాట అయింది, అక్క మాట అయింది, మామ వంతు వచ్చింది. ఆయన నోరు తెరవలేదు. మళ్లీ తీశాం. మళ్లీ అంతే. మరిచిపోయాడేమోనని నేను అందించాను.

"మరిచిపోలేదు నాయనా" అన్నాడు. "ఆ మాట నేను అనలేదు. నువ్వు అంటివి."

లైటుమోత తప్ప అంగట్లో చప్పుడు లేదు. బీఎడ్ అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు, అత్తకు అర్థమైంది. ఆమె కూడా ఆ రోజు లోపలే ఉంది.

నిజమే. ఆ రోజు షట్టర్ మీద చెయ్యి వేసింది మామ. ఎత్తబోయాడు. "ఆగు మామా, నీళ్లన్నీ లోపలికొస్తాయి, మూటలు తడుస్తాయి" అన్నది నేను. నా మూటలు కావవి. నాకు ఒక్క గింజ నష్టం లేదు. ఎందుకన్నానో తెలియదు. భయపడి అన్నాను, భయం అనలేక మూటలు అన్నాను. ఆయన చెయ్యి ఆగింది. ఎంతసేపు ఆగిందో ఖచ్చితంగా చెప్పలేను. ఒక నిమిషమో, ఇంకా ఎక్కువో. కూర్చుని స్క్రిప్టు రాసి, ఆ మాటను తీసుకెళ్లి ఆయన నోట్లో పెట్టాను. పెట్టేటప్పుడు ఆ సంగతి నాకు తెలియదని చెబితే నమ్ముతారో లేదో.

ఆ రాత్రి ఇంకేమీ తీయలేదు. మామ కోపంగా లేడు. సోడా కొట్టి అందరికీ ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. మరో రాత్రి నేనే చొక్కా మార్చుకుని కెమెరా ముందుకెళ్లాను. ఎనిమిదో మనిషి పాత్ర ఒకటి పుట్టింది, కొవ్వొత్తులు కొనడానికి వచ్చినవాడు. పదకొండు టేకులు తీసుకున్నాను. మాట మామూలుగా రావాలి, రాలేదు. ప్రతిసారీ ఎక్కువ బాధగా వచ్చింది. ఆ రోజు నేను బాధగా అనలేదు, పప్పు ధర అడిగినంత మామూలుగా అన్నాను. పదకొండోసారి అలా వచ్చింది.

శబ్దాల పని మొత్తం మా వంటింట్లో, ఫ్యాను ఆపేసి, రాత్రి ఒంటిగంటకు. నీళ్లలోంచి ఏదో పైకి లేచే చప్పుడు కావాలి. రాగిసంగటి ముద్దను తడిచేత్తో నెమ్మదిగా గిన్నెలోంచి లాగితే వచ్చే చప్పుడుంది చూశారూ, దాన్ని మించింది లేదు. అమ్మ లేచొచ్చి చూసి, "తినేదాంతో ఏందిరా ఈ పని" అని తిట్టి, మైకు ఏమిటో అర్థమయ్యాక గిన్నె తనే పట్టుకుంది. కీళ్లు విరిగే చప్పుడుకు చెరకు గడ. ఈడ్చుకొచ్చే చప్పుడుకు తడి గోనెసంచి. ఊపిరి కోసం ఎన్నో ప్రయత్నించాం, చివరికి దొరికింది మా బోరు మోటారు. నీళ్లు తగ్గినప్పుడు గాలి కక్కుతుంది కదా, దాన్ని రికార్డు చేసి వేగం సగానికి తగ్గించాం. అప్పటి నుంచి మోటారు వేయాలంటే మా చెల్లెలికి భయం.

షట్టర్ చప్పుడు మాత్రం మామ అంగడి దగ్గరే తీసుకున్నాం. బయట నుంచి నేనే అరచేత్తో కొట్టాను. మూడు దెబ్బలు. లోపల మైకు.

ఎడిటింగు రెండు నెలలు పట్టింది, దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు, కూర్చోవడమే. 31 నిమిషాలు వచ్చింది, 22కు దించాం. దసరా సెలవుల్లో మా మేడమీద తెల్లదుప్పటి కట్టి, అద్దెకు ప్రొజెక్టరు తెచ్చి వేశాం. నలభైమంది దాకా వచ్చారు. వేషాల అన్న ముందు వరసలో చాప వేసుకుని కూర్చున్నాడు. తాత తన పేరు తెర మీద కనిపించగానే తనే చప్పట్లు కొట్టాడు. అత్త ఏడ్చే చోట జనం నవ్వారు, ఎందుకో తెలియదు, అత్త కూడా నవ్వింది. పసుపు బిందె కనిపించగానే "అది నాదే" అని ఎవరో అరిచారు. కుర్రాడు నడిచే షాట్ దగ్గర మాత్రం ఎవరూ మాట్లాడలేదు. ఐదో అడుగు ఆగినప్పుడు వెనక ఎవరో "అమ్మా" అన్నారు. అన్న వెనక్కి తిరిగి నావైపు చూసి తలూపాడు.

షట్టర్ సీను వచ్చింది. దెబ్బలు వినబడ్డాయి. తెరమీద నేను నా మాట అన్నాను. నేను జనాన్ని చూడలేక ప్రొజెక్టరు ఫ్యాను వైపు చూస్తూ నిలబడ్డాను.

అయిపోయాక అందరూ దిగి వెళ్తున్నారు. మామ చెప్పులు వెతుక్కుంటూ నా దగ్గర ఆగాడు. బాగుందనో బాలేదనో అంటాడేమోనని చూశాను.

"మూడే పెట్టినావే" అన్నాడు. "ఆ పొద్దు నాలుగు కొట్టినారు."